కొత్త రైతునకు మొదటి పాఠము

కొద్దిపాటి భూమితో సేద్యమునకు దిగువానికి మొదటి యేడు మిక్కిలి గడ్డుది. పొరుగువానిని చూచి, అప్పుచేసి ఎరువు కొనుటకంటె, తన నేలకేమి కొరతయో ముందుగా తెలిసికొనుట మేలు.

గట్లను, పెంటకుప్పలను విడిచి, పొలమున ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు వరకు మన్ను తీయవలెను. దానిని నీడలో ఆరబెట్టి, కలిపి, నాలుగు భాగములుగ చేసి, ఎదురెదురు భాగములు రెంటిని తీసివేయవలెను. అరకిలో మిగులువరకు ఇట్లే చేసి పరీక్షకు పంపవలెను. ఫలితమును బట్టి ఎరువు వేసినచో ఖర్చు తగ్గును, నేలయు చెడదు.

ఇట్టి పనులను రైతులచే స్వయముగా చేయించి నేర్పుటకే కృషి విజ్ఞాన కేంద్రములు వెలసినవి. వానిలో మొదటిది 1974లో పుదుచ్చేరిలో నెలకొల్పబడినది. మన యానామును ఆ కేంద్రపాలిత ప్రాంతములోనిదే.

విద్యార్థులారా! సెలవులలో మీ పొలపు మన్నుతోనే ఈ పాఠము నారంభింపుడు.