కోడెకు ముక్కు కుట్టుట - గాయము మానువఱకు వహింపవలసిన జాగ్రత్త

అదుపులేని మనుష్యుని గూర్చి మాటలాడునపుడు "వీనికి ముకుతాడు వేయువారెవరు?" అని మన పల్లెలలో అనుచుందురు. కోడెకు నిజముగా ముకుతాడు వేయు పనిని గూడ మనలో పెక్కండ్రు ఆ మాటయంత తేలికగానే చేయుచున్నారు. తుప్పు పట్టిన దబ్బనము, మురికి త్రాడుముక్క, పట్టుకొనుటకు నలుగురు మనుష్యులు, రెండు నిమిషముల కాలము. ఇంతటితో పని తీరినదని యెంచుదురు. నిజమునకు పని అప్పుడే మొదలగుచున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట వాంకిడి మార్గమునందలి యొక గ్రామములో మా కంటబడిన సంగతి చెప్పెదము. ఒక సభ్యుడు అప్పు తీసి, అంగడిలో మంచి కోడెల జతను కొనితెచ్చెను. ఆషాఢమాసమున, వానలు పడుచుండగా, దుక్కి తొందరలో వానిలో నొకదానికి ముక్కు కుట్టించెను. మూడవనాడే దానిని ముకుతాడు పట్టి యీడ్చి కాడి క్రిందికి తెచ్చిరి. ముక్కు వాచెను, ఈగలు ముసిరెను, పుండులో పురుగులు పడెను. రంధ్రము మూతి యంచునకు మిక్కిలి దగ్గఱగా పొడువబడియుండుటచే, ఒకనాడు కోడె బెదరి తల విదల్చగా త్రాడు కండను చీల్చుకొని వెలికి వచ్చెను. ఆ ముక్కున మరల త్రాడు నిలువలేదు. ప్రత్తి విత్తు అదను ఇరుగుపొరుగువారి యెద్దులకొఱకు ఎదురుచూచుటలోనే గడచిపోయెను. మఱుసటియేట అంగడికి తోలినపుడు బేరగాండ్రు చీలిన ముక్కును చూచి సగము ధరకు మించి పలుకరైరి. అప్పు మాత్రము సగము కాలేదు.

ఇందు మొదటి తప్పు పొడిచిన చోటుననే యున్నది. పశువుయొక్క రెండు ముక్కు రంధ్రముల నడుమ నొక గోడ కలదు. ఆ గోడలో లోపలి భాగమంతయు మెత్తని యెముకతో నిండియుండును. మూతివైపు అంచున దళసరి కండ యుండును. ఈ రెంటికిని నడుమ, ఎముకకు కొంచెము ముందుగా, పలుచని పొర మాత్రమే గల చిన్న తావు కలదు. బొటనవ్రేలిని ఒక రంధ్రమునందును చూపుడువ్రేలిని రెండవదానియందును ఉంచి మెల్లగా తడవినచో, ఒకచోట రెండు వ్రేళ్లును ఇంచుమించుగా కలిసికొన్నట్లు తోచును. కుట్టవలసినది అచ్చటనే. లోపలికి పోయి యెముకను పొడిచినచో బాధ మిక్కుటమగును, పుండు త్వరగా మానదు. వెలుపలికి వచ్చినచో మేము పైన చెప్పిన కోడెకు పట్టిన గతియే పట్టును. పొడుచునపుడు వంకరగా గాక, ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు సూటిగా పోవలయును. వంకర రంధ్రములో త్రాడు ఒకవైపే ఒరసికొని కోయుచుండును.

ఈ పని యెవరు చేయవలయునను ప్రశ్నకు చట్టమే సమాధానము చెప్పుచున్నది. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, నిర్ణయించిన పద్ధతిని ముకుతాడు వేయుటను నేరముగా పరిగణింపదు. ఆ పద్ధతిని తెలుపు నియమములు 2023లో వెలువడినవి. వాని ప్రకారము ఈ పని రిజిష్టరు కాబడిన పశువైద్యునిచే, మత్తుమందిచ్చి జరుగవలయును. సాధుస్వభావముగల పశువునకు ముక్కు కుట్టుటకంటె ముఖమునకు కట్టు త్రాడే మేలని గూడ ఆ నియమములు సూచించుచున్నవి. మా తాతలనాటినుండి మేమే కుట్టుచున్నాము గదా యని కొందఱందురు. తాతలనాడు చీలిన ముక్కులు లేకుండెనా? 1962 అను సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనమును పిలిపించుకొనవచ్చును. ఊరిలోని కోడెలన్నిటిని ఒకే దినమున ఒకచోట చేర్చినచో వైద్యునకును మనకును సదుపాయము. సహకార సంఘము చేయదగిన పనులలో ఇది యొకటి. దీనికి మూలధనము గూడ అక్కఱలేదు.

కోడెకు ఏడాదిన్నర దాటిన పిమ్మట, పాలపండ్లు ఊడక మునుపు కుట్టించుట తగును. మఱీ లేతప్రాయమున కుట్టినచో పొర చిరుగును. ముదిరిన పిదప కుట్టినచో పట్టుటకే పదిమంది కావలయును. మన ప్రాంతమునకు మార్గశిర పుష్య మాసములు అన్ని విధముల అనుకూలములు. సిర్పూరు (యు), తిర్యాణి ప్రాంతములలో ఆ దినములందు చలి యెంతటిదో చెప్పనక్కఱలేదు. ఆ చలిలో ఈగలు తక్కువ, నేల పొడి. అప్పుడు కుట్టించినచో మాఘమునాటికి గాయము మానును. ఫాల్గుణ చైత్రములలో ఉదయపువేళ కోడెను దుక్కికి మెల్లగా అలవాటు చేయవచ్చును. తొలకరి నాటికి అది సిద్ధముగా నుండును. గాలికుంటు సోకి నోట పుండ్లుగల పశువునకు, జ్వరముగల పశువునకు ఆ సమయమున కుట్టింపరాదు.

పనిముట్టును ఇరువది నిమిషములు మరుగు నీటిలో నుంచవలయును. ఒక కోడెకు వాడినదానిని మరల కాచక రెండవదానికి వాడరాదు. రక్తముద్వారా రోగము ఒకదానినుండి మరియొకదానికి ప్రాకును. ధనుర్వాతము కలిగించు సూక్ష్మజీవి తుప్పునుండి పుట్టునని చాలమంది నమ్మిక. దాని నివాసము మన్నును పేడయును. పశువుల కొట్టములో క్రింద పడిన దబ్బనమును పంచెకు తుడిచి వాడుటలోని ప్రమాదము దీనివలన గ్రహింపవచ్చును. కోడెను పట్టుకొన్నవానికి చేయి గీసికొనినను ఇదే ప్రమాదము కలదు గనుక, అతడు ధనుర్వాతపు సూదిమందు వేయించుకొనుట మంచిది.

మొదటి త్రాడు క్రొత్త నూలుదై, మెత్తనిదై, కాచి ఆరబెట్టినదై యుండవలయును. జనుపత్రాడు గఱుకు. నైలాను త్రాడు చూచుటకు నునుపే గాని, లాగినపుడు కండను కోయును. త్రాడును కొమ్ముల వెనుకకు తెచ్చి, చేయి సులభముగా దూరునంత వదులుగా కట్టవలయును.

ఇక పుండు మానుటను గూర్చి. మొదటి రెండు మూడు దినములు కొంత వాపును, నీరు కారుటయు సహజములే. మన కాలి దెబ్బకు కట్టు కట్టినట్లు ఇచ్చట కట్టుటకు వీలులేదు. పశువు నాలుకతో ముక్కును నాకుకొనుచునే యుండును. కావున శుభ్రతయే మందు. లీటరు నీటిని కాచి చల్లార్చి, తొమ్మిది గ్రాముల ఉప్పు కలిపి, శుభ్రమైన దూదితో ఉదయ సాయంకాలములు కడుగవలయును. పిదప వైద్యుడిచ్చిన అయోడిను మందు పూయవలయును. వేపనూనెను పుండులో గాక చుట్టును రాచినచో ఈగలు దూరముగా నుండును. సున్నము, పొగాకు, కిరసనాయిలు, బూడిద మున్నగువానిని పెట్టుట మన ఊళ్లలో వాడుక. అవి క్రొత్తగా మొలచు లేతపొరను కాల్చివేయును. కట్టిన పక్కును బలవంతముగా ఊడదీసి త్రాడును ఇటునటు త్రిప్పుట గూడ తప్పే. నానిన పిదప పక్కు తానే ఊడును. దుర్వాసన, చీము, పురుగులు కానవచ్చినను, కోడె మేత మానినను, తెల్లవారువఱకు ఆగక వైద్యుని పిలువవలయును.

రంధ్రము లోపలివైపున రెండు ప్రక్కలనుండి క్రొత్త చర్మము పెరిగి కలిసికొనిననాడే గాయము మానినట్లు. దీనికి రెండు మూడు వారములు పట్టును. మేము మాత్రము నెల దినముల గడువు చెప్పుచున్నాము. అంతవఱకు కోడెను మెడ పలుపు పట్టియే నడిపింపవలయును. పిమ్మటగూడ ముకుతాడు సైగ చేయుటకే గాని యీడ్చుటకు గాదు. ఆ పొరలో స్పర్శ మిక్కిలి యెక్కువ గనుకనే చిన్న కదలికకు గొప్ప యెద్దు తిరుగుచున్నది. నిత్యము కుదుపువాని యెద్దునకు ఆ తావు కాయకట్టి మొద్దుబారును. అప్పుడు వాడెంత లాగినను అది వినదు.

మన అవ్వలు బులాకీ ధరించుటకు కుట్టించుకొన్నదియు ముక్కులోని నడిమి గోడనే. బంగారు తీగను ఎండబెట్టక, లాగక, పుండు ఆరువఱకు కదల్పక కాపాడుకొనిన ఆ ముసలమ్మలను అడిగినచో, కోడె ముక్కును గూర్చి మాకంటె బాగుగా చెప్పగలరు. మనుష్యులకు ఆ గాయము మానుటకు ఆరు మొదలు ఎనిమిది వారములు పట్టును.

శ్రావణ బహుళ అమావాస్యనాడు, పొలాల పండుగకు, ఎద్దులను కడిగి కొమ్ములకు రంగులు వేసి క్రొత్త ముకుతాళ్లు మార్చుట మన జిల్లాలో ఆచారము. ఆచారము మంచిదే, పాత త్రాడు ముక్కుచెమ్మకు నాని, మురికి పట్టి, గట్టిపడి గీరుచుండును. అయితే ఆ దినము మానిన ముక్కులకు త్రాడు మార్చుటకే గాని, వానలో క్రొత్తగా కుట్టించుటకు తగదు. మార్చునపుడు పాత త్రాడు కొనకు క్రొత్తదాని కొనను ముడి వేయక, సన్నని దారముతో ఎదురెదురుగా కుట్టి, నూనె రాచి, మెల్లగా లాగవలయును. ముడి వేసినచో అది రంధ్రములో తగులుకొని, మానిన పుండును మరల రేపును.