గేరు మీట – సంధి బలం

1969 నుండి 1976 వరకు తయారైన జర్మన్ క్రీడావాహనం పోర్షే 914లో ఇంజను చోదకుని వెనుక, గేరుపెట్టె ఇంజనుకూ వెనుక ఉన్నాయి. అందుచేత మీట కదలిక పొడవైన కడ్డీల ద్వారా ఇంజనును దాటి పోవాలి. తొలి నమూనాలలో ఆ కడ్డీ గేరుపెట్టె తోక వరకు సాగేది. 1973 నమూనాలో దానిని ప్రక్కనుండి కలిపారు. గేరు పడే తీరు కుదుటపడింది. పాత బండ్లకు ఈ అమరికను తెచ్చుకొనే యజమానులు నేటికీ ఉన్నారు.

అంతకుముందు మనం పరిశీలించవలసినవి కీళ్లు. కడ్డీలను పట్టి ఉంచే ప్లాస్టిక్ బుష్‌లు కాలక్రమాన అరుగుతాయి. వ్యాకరణంలో సంధి కుదిరితే నడుమ సందు మిగలదు; యంత్రసంధికీ అదే లక్షణం. ఒక్కొక్క కీలులోని సందు స్వల్పమే అయినా, అన్నీ కూడి మీట కొన వద్ద పెద్ద ఊగులాట అవుతుంది. ఈ బండిలో మూడవ గేరు నడిమి వరుసలో క్రింద, మొదటిది ఎడమ వరుసలో క్రింద ఉంటాయి. అతివేగంలో నాలుగు నుండి మూడుకు దిగబోయి, మీట ఎడమకు జారి మొదటి గేరు పడిందా, ఇంజను హద్దుమీరి తిరిగి కవాటాలు వంగవచ్చు.

కొందరు బుష్‌లను వదలి, కదలిక తగ్గించే మీటను బిగిస్తారు. తులాదండ సూత్రం ప్రకారం ఆధారబిందువు పైకి జరిగితే చేతి కదలిక తగ్గుతుంది, బలం హెచ్చుగా కావాలి. గేర్ల నడుమ దూరమూ అదే పాళ్లలో తగ్గుతుంది కనుక గురి మెరుగుపడదు. మొదట కంచు బుష్‌లు, పిమ్మట కడ్డీ సరిచూపు, ఆ తరువాతనే మీట అని మేమంటాము.