తూరు రేవులో ఏడు దినములు

మూల వాక్యము: అపొ. కార్యములు 21:3-6

తూరు నేటి లెబనోను దేశములోని పురాతన రేవు పట్టణము. ఊదారంగు అద్దకమునకు పేరుపొందినది. అది ఒకప్పుడు ద్వీపము. క్రీ.పూ. 332లో అలెగ్జాండరు సముద్రములో కట్ట వేయించి దానిని పట్టుకొనెను. ఆ కట్ట వెంబడి ఇసుక మేటవేసి, నేడది నేలతో కలిసియున్నది.

పౌలు ఎక్కిన ఓడ సరకు దింపుటకు అక్కడ ఆగెను. ఈ వాక్యభాగము ఆ పట్టణ వైభవమును గూర్చి ఏమియు చెప్పక, పౌలు బృందము శిష్యులను కనుగొని ఏడు దినములు వారితో ఉండిన సంగతినే చెప్పుచున్నది. వెళ్లునాడు ఆ సంఘస్థులు భార్యాపిల్లలతో సహా పట్టణము వెలుపలివరకు వచ్చిరి. అందరును సముద్రతీరమున మోకాళ్లూని ప్రార్థించిరి. వారి స్నేహము వారము దినములదే!

1903లో తెలుగు బాప్టిస్టు సంఘములు పంపగా జాన్ రంగయ్యగారు ఓడలో దక్షిణాఫ్రికాలోని నేటాలుకు వెళ్లి, తోటపనులకు వలసపోయిన మనవారిని సంఘముగా కూర్చిరి.

బ్రూక్‌ఫీల్డ్‌కు ఉద్యోగమునకై వచ్చి అద్దె ఇంట దిగు తెలుగు కుటుంబములు అనేకము. ఇక్కడ స్థిరపడిన మనము, వారే మనలను వెదకుకొని రావలెనని కూర్చుందుమా? కొందరు ఆరు నెలలకే బదిలీపై వెళ్లుదురు. వారు వచ్చినది ఎరుగనివారము, వెళ్లునాడు ఎట్లు సాగనంపుదుము?

ఆలోచించుడి:
1. మన వీధిలో ఈ సంవత్సరము దిగిన విశ్వాసులెవరు?
2. వారి యింటికి మన పిల్లలను వెంటబెట్టుకొని ఎన్నడు వెళ్లుదుము?