కూజా మొక్క ఆకులు: వ్యాధి నిర్ణయము, చికిత్స

కీటకాహార మొక్కల ప్రస్తావన వచ్చినపుడెల్ల మన పాఠ్యగ్రంథములలో మొదట కనిపించు చిత్రము కూజా మొక్కది. దీని శాస్త్రనామము నెపెంథిస్. హోమర్ మహాకవి 'ఒడిస్సీ' కావ్యమున దుఃఖమును మరపించు ఔషధమొకటి కలదు. 1737లో లిన్నేయస్ ఆ ఔషధము పేరునే ఈ మొక్కకు పెట్టినాడు. భారతదేశమున సహజముగా పెరుగు నెపెంథిస్ జాతి ఒక్కటే. అది మేఘాలయలోని గారో, ఖాసీ, జయంతియా కొండలకు చెందిన నెపెంథిస్ ఖాసియానా. నేడది అంతరించు ప్రమాదమున ఉన్నది. కావున పెంపకమున ఉన్న ఒక్క మొక్కనైనను అజాగ్రత్తచే పోగొట్టుకొనరాదు.

కూజా పువ్వు కాదు, కాయ కాదు. అది ఆకులోని భాగమే. ఆకు నడిమి ఈనె కొన దాటి తీగవలె సాగి, చివరకు కూజాగా మారును. సారము లేని నేలలో పుట్టిన మొక్క కనుక నత్రజనికై కీటకములను పట్టును. పిండిపదార్థమును మాత్రము పచ్చని ఆకే ఎండలో తయారుచేసికొనును. ఈ రెండు విషయములు గ్రహించినచో చికిత్స సగము తెలిసినట్లే.

మొదట వార్ధక్యమును వ్యాధి నుండి వేరుచేయవలెను. పాత కూజా మూత నుండి క్రిందికి ఎండుట, అడుగు ఆకులు పసుపెక్కుట సహజము. ఎండిన కూజాను మాత్రమే కత్తిరించి, పచ్చని ఆకును ఉంచవలెను. ఆకులు బాగుండియు కొత్త కూజాలు రానిచో గాలిలో తేమయో, వెలుతురో చాలలేదని అర్థము.

ఆకు కొనలు, అంచులు గోధుమరంగుకు మాడినచో లవణములను శంకింపవలెను. బోరునీరు, పశువుల ఎరువు ఈ మొక్కకు హానికరములు. కుండీలో వాననీరు ధారాళముగా పోసి లవణములను కడిగివేయవలెను. తరువాత కూడ వాననీరే వాడవలెను. ఎండ తగులు వైపుననే ఆకు తెల్లబారి మాడినచో అది ఎండదెబ్బ. మొక్కను పలుచని నీడకు మార్చినచో చాలును.

కుండీ తడిగా ఉన్నను ఆకులు వాడుచున్నచో వేళ్ళు కుళ్ళినవేమో చూడవలెను. ఇచ్చట పొరపడుటకు అవకాశము మెండు. ఈ మొక్క వేళ్ళు ఆరోగ్యముగా ఉన్నను నల్లగానే ఉండును. కనుక రంగును కాక మెత్తదనమును పరీక్షింపవలెను. మెత్తబడిన వేళ్ళను తీసివేసి, కొబ్బరి పీచు ముక్కలు, ఇసుక వంటి నీరు నిలువని మిశ్రమమున నాటవలెను. వేళ్ళు సున్నితములు, లాగరాదు.

దీపము క్రింద చీకటి అన్నట్లు, కీటకములను భక్షించు ఈ మొక్కను కీటకములే పీడించును. ఆకు మొదట దూదివలె తెల్లగా కనిపించునది పిండినల్లి. తడిపిన దూదితో తుడిచివేయవలెను. సన్నని పసుపు చుక్కలు, సాలెగూడు వంటి దారములు ఎర్రనల్లి గురుతులు. ఆకు అడుగుభాగమును నీటితో కడుగవలెను. లేత ఆకులు ముడుచుకొని వచ్చినచో తామరపురుగు, పేనుబంకల కొరకు వెదకవలెను. మందు చల్లవలసి వచ్చినచో ముందుగా ఒక ఆకుపై పరీక్షింపవలెను; మందు కూజాలో పడరాదు.

గుండ్రని మచ్చలు కనిపించినపుడు వాని వెడల్పును కొలిచి పుస్తకమున వ్రాసికొని, వారము తరువాత మరల కొలువవలెను. పెరుగని మచ్చ పాత గాయము. పెరుగునది శిలీంధ్రము కావచ్చును. ఆ ఆకును శుభ్రమైన బ్లేడుతో కోసి, మొక్కను వేరుచేసి, గాలి ఆడునట్లు ఉంచవలెను. కూజాలో మాంసపు ముక్కలు వేయు వేడుక కూడదు. అవి కుళ్ళి కూజా చెడును.

విద్యార్థులారా! మాడిన ఆకు ఎన్నటికిని మరల పచ్చబడదు. చికిత్స ఫలించినదో లేదో తరువాత విచ్చుకొను లేత ఆకే చెప్పును. ఆ ఆకు వచ్చువరకు ఓపిక పట్టవలెను. ఒకేసారి నీరు, చోటు, మట్టి అన్నియు మార్చినచో ఏది మేలు చేసినదో తెలియదు. కొండలలో పెరికి తెచ్చిన మొక్కను ఎన్నడును కొనకుడు. ఉన్నదానిని కాపాడుడు.