నీళ్ళ ట్యాంకులో లుప్తోపమ

ఉపమాలంకారానికి మనం రాసే ఉదాహరణ దాదాపు ఎప్పుడూ ముఖమూ చంద్రుడే. ఈసారి నేను రెండు నీళ్ళ ట్యాంకులను తీసుకుంటున్నాను.

అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రంలో గాఫ్నీ అనే చిన్న ఊరుంది. అక్కడ పెద్ద రహదారి పక్కన 1981లో 135 అడుగుల ఎత్తున, 10 లక్షల గాలన్లు పట్టే ట్యాంకు కట్టారు. చూస్తే అచ్చం పీచ్ పండే: గుండ్రటి ఒళ్ళు, నిలువునా గాడి, పైన ఆకు, పసుపూ ఎరుపూ కలిసిన రంగు. పీచ్ రాష్ట్రమన్న పేరేమో పక్కనున్న జార్జియాది. పంట మాత్రం సౌత్ కరోలినాలోనే ఎక్కువ. దారిన పోయే ప్రతివాళ్ళకీ ఆ ఊరు తన పంట సంగతి అలా చెప్పుకుంటోంది.

దాని పేరు పీచాయిడ్. 'ఆయిడ్' గ్రీకు నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ప్రత్యయం. 'వంటిది' అని అర్థం. ఆస్టరాయిడ్ అంటే నక్షత్రం వంటిది. కాబట్టి ఈ పేరులో పీచ్ ఉపమానం, ఆయిడ్ ఉపమావాచకం. ఉపమేయమైన ట్యాంకు లేదు, సమానధర్మమైన గుండ్రదనమూ లేదు. నాలుగు అంగాల్లో కొన్ని లోపించాయి గనుక ఇది లుప్తోపమ.

స్వీడన్‌లోని ఓరెబ్రోలో 1958 నాటి ట్యాంకు ఇంకో మెట్టు ఎక్కింది. సన్నని కాండం, దానిమీద వెడల్పాటి తల. నీళ్ళు ఎత్తున ఉంటేనే కొళాయిలో ధార బాగా వస్తుంది. తల వెడల్పుగా ఉంటే నీళ్ళు వాడుతున్నా మట్టం మెల్లగా దిగుతుంది, ధార సన్నబడదు. దాని పేరు స్వాంపెన్, అంటే పుట్టగొడుగు. "ఈ ట్యాంకే పుట్టగొడుగు" అంటే రూపకం అయ్యేది. ఇక్కడ ట్యాంకు మాటే లేదు, ఉపమేయాన్ని ఉపమానం మింగేసింది. అదే రూపకాతిశయోక్తి.

తమాషా ఏమిటంటే, మన 'పుట్టగొడుగు' కూడా పోలికతో పుట్టిన పేరే. పుట్టమీద మొలిచినదాన్ని చూసి మనవాళ్ళు గొడుగు అన్నారు.

అంటే అలంకారాలు కావ్యాల్లోనే కాదు, వీధి పేర్లలోనూ ఉన్నాయి. మనం ఉండేది తమిళనాట. మన ఇళ్ళల్లో అమ్మమ్మలు, నాయనమ్మలు ఒక బండకో, చెట్టుకో, మలుపుకో తెలుగు పేరు వాడుతుంటారు. ఆ పేరు ఏ బోర్డు మీదా ఉండదు, వాళ్ళ నోట ఉన్నన్నాళ్ళే ఉంటుంది. అలాంటివి ఒక్కొక్కరూ ఒక్కటైనా అడిగి రాసుకురండి. ఏది ఉపమో, ఏది రూపకమో తర్వాత తరగతిలో కూర్చుని తేల్చుకుందాం.