పైకి పెరిగే మబ్బు కనిపిస్తే పని ఆపండి

2022లో మన దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారని జాతీయ నేర గణాంకాల విభాగం లెక్క చెబుతోంది. పిడుగుకు ఎక్కువగా బలయ్యేది పొలంలో, బీడులో ఉన్నవాళ్లే: మిరప కోతకు వెళ్లిన కూలీలు, గొర్రెల కాపరులు, తాటిచెట్టెక్కిన గీత కార్మికులు. వీళ్లలో చాలామందిని కాపాడుకోవచ్చు. ఉదయం వాతావరణ సూచన ఒకసారి, మధ్యాహ్నం ఆకాశం పదిసార్లు చూడాలి.

పనికి బయలుదేరే ముందు

అమరావతి, హైదరాబాద్ వాతావరణ కేంద్రాలు రోజూ ఇచ్చే బులెటిన్ చూడండి. అందులో ‘ఒకటి రెండు చోట్ల’ అని ఉంటే, ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడవచ్చని అర్థం. ‘కొన్ని చోట్ల’ అంటే సగం దాకా. ఆ చోటు మన ఊరు అవుతుందో కాదో ఆ మాటలో ఉండదు. అందుకే ‘ఒకటి రెండు చోట్లే కదా’ అని తీసిపారేయకండి. ఉరుములు, మెరుపులు అన్న మాట కనిపిస్తే మధ్యాహ్నం పనిని పొద్దున్నే ముగించుకునేలా చూసుకోండి. హెచ్చరిక రంగుల్లో పసుపు వస్తే కనిపెట్టుకుని ఉండాలి, నారింజ వస్తే సిద్ధపడాలి, ఎరుపు వస్తే వెంటనే జాగ్రత్త పడాలి. రాబోయే మూడు గంటలకు విడిగా హెచ్చరికలు వస్తాయి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన ‘దామిని’ యాప్ చుట్టుపక్కల పడుతున్న పిడుగులను చూపిస్తుంది. కూలీల గుంపులో ఒక్కరి ఫోన్‌లోనైనా అది ఉండాలి.

మబ్బును ఎలా చూడాలి

ఆకాశమంతా నల్లబడితేనే ప్రమాదమని చాలామంది అనుకుంటారు. జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టినప్పుడు ఆకాశం అంతటా ఒకే బూడిద రంగులో పరుచుకుంటుంది. ఆ మబ్బు మామూలుగా ఉరమదు. దాని ప్రమాదం వేరు: నానిన మట్టిగోడలు కూలుతాయి, చప్టాల మీద నీళ్లు ఎక్కుతాయి. నీళ్లు పారుతున్న చప్టా దాటకండి. పైన ఎక్కడో కురిసిన వానకు, ఇక్కడ చినుకు లేకపోయినా వాగు పొంగుతుంది.

పిడుగు మబ్బు అడ్డంగా కాదు, నిలువుగా పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో, తొలకరి రోజుల్లో ఎండకు నేల కాగి, వేడి తేమగాలి పైకి లేస్తుంది. పదకొండు గంటలకు దూదిపింజల్లా విడివిడిగా ఉన్న తెల్లమబ్బుల్లో ఏదో ఒకటి మధ్యాహ్నానికి బుడిపెలు బుడిపెలుగా పైకి ఉబ్బుతుంది. అడుగు నల్లబడి చదునుగా ఉంటుంది. తల పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తు చేరి పక్కలకు పరుచుకుంటుంది. క్యుములోనింబస్ అని పత్రికల్లో రాసేది దీన్నే. లోపల మంచు పలుకులు, వడగళ్లు ఒకదాన్నొకటి రాసుకుని విద్యుత్తు పోగవుతుంది. అంత ఎత్తు మబ్బు నుంచి పిడుగు పక్కకు కూడా దూకుతుంది. మీ నెత్తిన ఎండ కాస్తున్నా సరే, ఉరుము వినబడిందంటే దాని అందుబాటులో ఉన్నట్టే. చినుకు పడేదాకా ఆగకండి. ఉక్కపోతలో ఉన్నట్టుండి చల్లగాలి విసిరితే మబ్బు దగ్గరికొచ్చేసింది, ఇక నిమిషాలే.

చంద్రుడి చుట్టూ గుడి కట్టడం మాత్రం ఎత్తున ఉన్న పలచని మంచు మబ్బుల గుర్తు. ఒక్కోసారి దాని వెనక వాన వస్తుంది, ఒక్కోసారి రాదు. దాన్ని నమ్ముకుని విత్తనం వేయకండి.

ఉరిమితే

పక్కా భవనంలోకి వెళ్లండి. లేదా ఇనుప పైకప్పు ఉన్న కారులోనో బస్సులోనో అద్దాలు మూసుకుని కూర్చోండి. ఆటో, బైకు, పైకప్పు లేని ట్రాక్టరు ఆసరా కావు. మంచె, పక్కలు తెరిచి ఉన్న రేకుల షెడ్డు కూడా కావు. చెట్టు కిందికి అసలే పోకండి. చెట్టు మీద పడిన పిడుగు నేలలో పాకుతుంది. గొర్రెల మంద మొత్తం ఒక్కసారే చనిపోయేది ఇందుకే. మోటారు స్టార్టర్, ముళ్లకంచె ముట్టకండి. చెరువులోంచి, తడి మడిలోంచి బయటికి రండి. గుంపుగా ఉంటే దూరం దూరంగా జరగండి. ఏ ఆసరా దొరక్కపోతే పాదాలు దగ్గరగా పెట్టి, తల వంచి గొంతుక్కూర్చోండి. నేల మీద పడుకోకండి. చేతిలో సెల్‌ఫోన్ పిడుగును పిలవదు, పారేయనక్కర్లేదు. గోడకు చార్జింగ్ పెట్టి మాట్లాడటమే తప్పు.

చివరి ఉరుము విన్నాక అరగంట ఆగండి. వాన వెలిసింది కదా అని వెంటనే పొలంలోకి దిగినవాళ్లను వెళ్లిపోతున్న మబ్బే కాటేస్తుంది.

ఇక్కడ రైతులకు, మేస్త్రీలకు ఒక మాట. కూలి పోతుందన్న భయంతో ఉరుముల్లోనూ వంగి పనిచేసే మనిషిని ‘నువ్వే జాగ్రత్త పడాల్సింది’ అనడం అన్యాయం. పని ఆపమని చెప్పాల్సింది మీరు. ఆగిన గంటకు కూలి కోయకండి.

పిడుగు తగిలితే

పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు ఉండదు, ముట్టుకోవచ్చు. పేడలో కప్పిపెట్టి సమయం పోగొట్టకండి. 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము నడిమధ్య రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండంగుళాలు లోతుకు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపకండి.