కళా ఛాయాచిత్రముల ముద్రణ: పెద్ద ఇంక్‌జెట్ యంత్రముల తారతమ్యము

మన కళాశాల సమావేశ మందిరములో ద్వారమునకు ఎదురుగా ఒక పెద్ద విద్యార్థి బృంద చిత్రము వ్రేలాడుచున్నది. పాత రంగుల నెగటివ్ నుండి ఒక స్టూడియోలో పెద్దది చేయించి, అద్దము లేకుండ పెట్టించిన ఆ చిత్రము మూడు వేసవులు గడవకముందే వెలిసిపోయినది. ఆకాశములోని నీలము పోయి, ముఖములన్నియు నారింజ ఛాయకు తిరిగినవి. ఇట్టి చిత్రములను మనమే ముద్రించుకొనుటకు పెద్ద యంత్రమును కొనరాదా అను ప్రశ్న కమిటీలో వచ్చినది. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసము పని.

ఇంక్‌జెట్ కళాకారుల చేతికి వచ్చిన కథ వినదగినది. అమెరికాలోని ఐరిస్ కంపెనీ, పత్రికల ముద్రణకు ముందు రంగుల నమూనా చూచుకొనుటకై ఒక యంత్రమును తయారుచేసినది. గాయకుడును ఛాయాచిత్రకారుడును అగు గ్రాహం నాష్ దానిని సుమారు 1,26,000 డాలర్లకు కొని, 1991లో కాలిఫోర్నియాలో కళాచిత్రముల ముద్రణశాలను స్థాపించెను. అక్కడ పనిచేసిన జాక్ డుగాన్ 'చిమ్ముట' అను అర్థముగల ఫ్రెంచి పదము నుండి 'జిక్లే' అను పేరు కల్పించెను. సామాన్య ముద్రణకు ఆ పేరు తగిలించి ధర పెంచు దుకాణములును లేకపోలేదు! ఐరిస్ చిత్రములు చూచుటకు అద్భుతముగా ఉండెడివి. కాని వాటి తొలి సిరాలు నీటిబొట్టు పడినచో చెరగును, వెలుగు తగిలినచో కొలది సంవత్సరములలోనే వెలిసిపోవును. హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ (1844–1905) గ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితముపై వేయించిన చిత్రములు నూరేండ్లు దాటినను నిలిచియున్నవి గదా.

దోషము సిరా స్వభావములోనే ఉన్నది. డై సిరాలో రంగు నీటిలో చక్కెర వలె కరగి, విడివిడి అణువులుగా ఉండును. కాంతియు, గాలిలోని ఓజోనును వాటిని సులభముగా విరుగగొట్టును. పిగ్మెంట్ సిరాలో రంగు, సున్నములో కలిపిన నీలిమందు పొడి వలె, కరగని రేణువులుగా తేలుచుండును. రేణువు పై పొర చెడినను లోపలి రంగు మిగులును. 2000 సంవత్సరములో వచ్చిన ఒక చిన్న ప్రింటరు చిత్రములు చాలకాలము మన్నునని పరీక్షలు చెప్పినను, కొన్ని ఇండ్లలో వారములలోనే నారింజ రంగుకు తిరిగినవి. ఆ పరీక్షలు కాంతిని లెక్కించినవే గాని ఓజోనును లెక్కింపలేదు. మన బృంద చిత్రము గతియు బహుశః ఇదియే. విల్‌హెల్మ్ పరిశోధన సంస్థవారి మన్నిక అంకెలు సైతము రోజునకు 12 గంటలు 450 లక్సుల వెలుగు అను లెక్కపై కట్టిన అంచనాలు. నూరేండ్లు ఎవరును కూర్చుండి చూడలేదు.

24 లేక 44 అంగుళముల కాగితపు చుట్టపై పిగ్మెంట్ సిరాతో ముద్రించు యంత్రములలో ఎప్సన్, కెనాన్, హెచ్.పి. పేర్లు ప్రసిద్ధములు. 1880లో క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. ఎప్సన్ యంత్రము దాని విలోమముపై నడచును: విద్యుత్తు ఇచ్చినచో స్ఫటికము వంగి సిరాబొట్టును నెట్టును. మిగిలిన రెండును వేడిపై ఆధారపడును. సూక్ష్మమైన నిరోధకము కాగి, సిరాలో బుడగ పుట్టి, బొట్టును బయటికి త్రోయును. 1977లో కెనాన్ ప్రయోగశాలలో కాగిన సోల్డరింగ్ కడ్డీ సిరా సిరంజి సూదికి తగులగా సిరా చిమ్మినదట. అదియే వారి పద్ధతికి మూలము.

ఈ భేదము ఖర్చులో కనబడును. వేడితో పనిచేయు హెడ్డు అరుగునది గనుక, వాడువారే దానిని మార్చుకొనవచ్చును. 2016 నాటి కెనాన్ ప్రో-4000లో 18,432 రంధ్రములు కలవు. కొన్ని మూసుకొనినచో ఇతర రంధ్రములు ఆ పనిని అందుకొనును. ఎప్సన్ హెడ్డు యంత్రముతోపాటు మన్నవలసినది. నిత్యము పని ఉన్నచోట అది మిక్కిలి నమ్మదగినది. నెలల తరబడి ఊరక ఉంచినచో, అందులోను మన వేసవి పొడిగాలిలో, సిరా రంధ్రములలో గట్టిపడును. దానిని శుభ్రపరచుటకే ఖరీదైన సిరా పోవును. హెడ్డు చెడినచో మెకానిక్ రావలెను.

నూలు కాగితమునకు ఒక నలుపు, నిగనిగలాడు కాగితమునకు మరియొక నలుపు వలయును. 2005 నాటి ఎప్సన్ 9800లో ఒకటి తీసి మరొకటి పెట్టినప్పుడెల్ల సిరా వృథా అయ్యెడిది. 2020 నాటి పి9570లో రెండింటికి వేరువేరు రంధ్రములు ఏర్పడినవి. 2006లో హెచ్.పి. జెడ్3100, రంగును కొలుచు పరికరమును తనలోనే ఇముడ్చుకొని వచ్చినది. కొత్త కాగితము వాడునప్పుడు అది గొప్ప సౌకర్యము. రంగుల సంఖ్య 10యా 12యా అను వాదము మాత్రము నాకు అంత ముఖ్యముగా తోచదు.

మన కళాశాలకు ఏడాదికి ఇరువది చిత్రములకు మించి అవసరము లేదు. అంతటి దానికి యంత్రమును కొనుట, కొన్నను ఎక్కువ దినములు మూసియుంచుట తగదు. కొనియే తీరవలెనన్నచో హెడ్డు మనమే మార్చుకొనగల యంత్రమును ఎన్నుకొనుడు. లేనిచో బయట ముద్రింపించి, సిరా పిగ్మెంటేనా, కాగితము ఆమ్లము లేని నూలుదేనా అని బిల్లుపై వ్రాయించుకొనవలెను. బృంద చిత్రపు నెగటివ్ బీరువాలో భద్రముగా ఉన్నది. ఈసారి రెండు ప్రతులు తీయించి, ఒకదానిని అద్దము వేయించి ఎండ పడని ఉత్తరపు గోడకు, రెండవదానిని గ్రంథాలయపు చీకటి అరలో ఉంచుదుము.